జరిపిన తువాలు

మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కేసరికి కిటికీ పక్క సీటు మీద ఎవరిదో తువాలు వేసి ఉంది. నాకు ఒకటే వికారం, గాలి కావాలి. తువాలు తీసి వెనక సీట్లో పడేసి కూర్చున్నాను. పక్క వరుసలో తల్లి ఒళ్ళో ఉన్న నాలుగేళ్ళ పిల్ల అంతా చూసింది.

“అమ్మా, తువాల ఏసిన తాత వచ్చి గీడనే సూస్తడు,” అంది నా సీటు చూపించి. “ఎన్కకు పెట్టిన్రని తాతకు తెల్వది గద.”

తల్లి ఫోనులోంచి తలెత్తలేదు. నేను టైము చూసుకున్నాను. బస్సు కదలదే.

ముసలాయన నీళ్ళ సీసాతో ఎక్కి, నేరుగా నా దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. తర్వాత వెనక తువాలు కనిపించింది. “గీడ ఏసిన అనుకున్న. ఈ నడుమ అన్నీ యాది మరుస్తున్న బిడ్డా,” అని నాతో అని, వెనక్కి పోయి కూర్చున్నాడు.

పిల్ల నోరు తెరిచింది. నా ముఖం చూసి మూసుకుంది. బస్సు బయల్దేరినా నాకు కుదురు లేదు. లేచి చెబుదామనుకుంటూనే నేరేడుచర్ల వచ్చేసింది.

అక్కడ దిగబోతూ పిల్ల, తల్లి చెయ్యి విడిపించుకుని ముసలాయన దగ్గర ఆగింది.

“తాతా, నువ్వు యాది మర్వలే,” అంది.

కోదాడ దాకా ఆయన నన్నేమీ అడగలేదు. అడిగేసి ఉంటే ఆ రోజుతో అయిపోయేది.