మూత మీద పేరు

డబ్బా ఇచ్చే ముందు ప్రమీలాదేవి చిటికెడు పిండి తీసుకుంటుంది. బొటనవేలితో చూపుడువేలి మీద నెమ్మదిగా నలుపుతుంది. తల కొంచెం పక్కకు వంచుతుంది, ఎవరో చెబుతుంటే వింటున్నట్లు. ఆ తర్వాతే "తీస్కపో" అంటుంది.

సిద్దిపేటలో ఆమె పిండి గిర్ని ముప్పై ఏళ్లుగా అలాగే నడుస్తోంది. ఆమెకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. డబ్బాల మూతలకు పేర్ల చిట్టీలు రాసి అంటించేది భర్త మధుసూదన్. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయన ఇంటిపట్టునే ఉంటున్నాడు. పోయిన చలికాలంలో కోడలు సాత్విక అత్తకు పలక కొనిచ్చింది.

"చదువొస్తే ఏమైతది?"

"ఏం గాదు అత్తమ్మా. గిది దుబ్బాక బస్సేనా అని పదిమందిని అడుగుడు తప్పుతది."

"అడిగితేనే గద నాలుగు ముచ్చట్లు అయ్యేది."

అయినా నేర్చుకుంది. సబ్బు కాగితం, దవాఖాన బోర్డు, అగ్గిపెట్టె. ఇవన్నీ ఇన్నేళ్లూ తన ముందే మాట్లాడుకుంటున్నాయా అనుకుంది.

ఆ రోజు రెండు డబ్బాల జొన్నపిండి, మూతలు తీసి, చల్లారబెట్టింది. ఒకటి సాయిప్రియది. ఆమె పాపకు గోధుమ పడదు, కొంచెం తిన్నా దవాఖానకు పరుగెత్తాలి. అందుకే ప్రమీలాదేవి ముందు బియ్యం ఆడించి, గిర్ని రాళ్లలో గోధుమ లేకుండా పోయాకే ఆ జొన్నలు పోస్తుంది. రెండోది స్వరూపది. రొట్టె విరగకుండా ఆమె జొన్నల్లో గోధుమలు కలిపి తెస్తుంది. చూపుకు రెండు పిండులూ ఒకటే.

పనిలో పనిగా మూతలు పెట్టేసింది.

సాయిప్రియ వచ్చింది. ప్రమీలాదేవి మూత మీద పేరును కూడబలుక్కుని చదివింది.

"అబ్బో పెద్దమ్మా, ఇగ నీకు టీచరు నౌకరే."

ఇద్దరూ నవ్వారు. డబ్బా వెళ్లిపోయింది. చిటికెడు పిండి తీయడం ఆమె మరిచిపోయింది.

గంటకు స్వరూప వచ్చింది. ఈసారి చెయ్యి దానంతటదే పిండిలోకి పోయింది. వేళ్ల మధ్య ఒట్టి జొన్న. గోధుమ జిగురు లేదు.

"ఏమైందక్కా?"

"మూతలు మారినయ్."

అందరి ఫోన్ నంబర్లు గోడ మీది కాగితంలో ఉన్నాయి, మధుసూదన్ రాతలో. ఎప్పుడు కావాలన్నా ఆయనే చదివి చెప్పేవాడు. ఆమెకు అది గోడ మీది మరకలాంటిదే. ఇప్పుడు వేలు పెట్టి పైనుంచి చదివింది. మహేందర్. పోచవ్వ. ఇశ్రాయేలు. వేలు ఇంకో వరుస దిగింది. సాయిప్రియ.

"బిడ్డా, రొట్టె చేసినవా?" ఫోన్ చేసి అడిగింది.

"పెనం మీదుంది పెద్దమ్మా."

"పాప తిన్నదా?"

"ఇంకా లేదు. ఏంది?"

"పెట్టకు. గది స్వరూప పిండి, గోధుమ ఉంది. తప్పు నాదే. నీ డబ్బ నేనే తెస్తున్న."

సాయంత్రం సాత్విక అడిగింది. "చదువు ముంచిందా, తేల్చిందా అత్తమ్మా?"

ప్రమీలాదేవి చేతుల పిండి దులుపుకుంది.

"పేరు మూతది, పిండిది గాదు. గది నేను చూస్కోలె."

మర్నాడు పొద్దున గిర్ని తెరిచి, మూతల మీది చిట్టీలను తడిపి గీకేసింది. మార్కరు పట్టుకుని ఒక్కొక్క పేరూ డబ్బా పొట్ట మీద తన చేత్తో రాసింది. మొదటి మనిషి వచ్చినప్పుడు పేరు చదివింది. తర్వాత మూత తీసి, చిటికెడు పిండి తీసుకుంది.