నేను రప్పించిన అమ్మవారు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో బిడ్డా, గట్టిగా చెప్పే ముచ్చట కాదు. ఏళ్ళ తరబడి దీన్ని మింగలేక, కక్కలేక తిరుగుతున్నాను.

అప్పుడు మా ఊరికి నేనే సర్పంచిని. పేరు నాది. కుర్చీ, సంతకం, ఫోను మా ఆయనవి. ఊరి మురుగు పోయే మోరీకి వచ్చిన సిమెంటుతో మా ఇంటి మీద మేడ లేచింది. నేను నోరు మెదపలేదు. మెదిపితే ఇంట్లో ఉండనిస్తాడా?

కరీంనగర్‌లో బొమ్మలు గీసే చదువు చదివిన ఒక పిల్ల మా ఊరికి వచ్చింది. మా ఇంట్లో తిని, నా కడుపులోని మాటంతా లాగింది. "అక్కా, గిదే నేను ఆడి చూపిస్త" అంది. సరేనన్నాను. ఆట అంటే పాటలుంటాయనుకున్నాను.

మర్నాడు పంచాయతీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. ముఖం కనబడకుండా మగవాళ్ళ కండువా కప్పుకుంది. ఒళ్ళో సిమెంటు సంచి. వచ్చిన ప్రతివాళ్ళ చేతిలో పిడికెడు సిమెంటు పోసి, "ఇగో, మీ మోరీ" అంటుంది. అంతే ఆట. ఊరంతా చేరింది.

మా ఆయన వచ్చి చూశాడు. నా వైపు తిరిగాడు.

"గీ సిమెంటు ముచ్చట దీనికెవలు చెప్పిండ్రే?"

నిజం చెబితే ఆ పూటే నన్ను పుట్టింటికి తోలేవాడు. నోటికి వచ్చింది అరిచాను.

"శిగం వచ్చింది! మీదికొచ్చిన అమ్మవారికి ఒకలు చెప్పాల్నా? మొక్కుండ్రి జర!"

ఊరు ఊరంతా వంగింది. సిమెంటును జాతరలో పసుపు బండారిలా నొసట పెట్టుకున్నారు. ఎవరో పిల్ల నెత్తిన కూడా సిమెంటు చల్లి, బిందెడు పసుపునీళ్ళు కుమ్మరించారు. మా ఆయన సాగిలపడి, "తల్లీ, నాకు జెడ్పీటీసీ టికెట్ వస్తదా?" అని అడిగాడు. ఆ పిల్ల కోపంతో ఊగిపోయింది.

"వస్తదట!" అని జనం కేకలు.

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నాకేం శిగం రాలే! నువ్వన్న చెప్పు జర!"

నేనేం చేశాను? "శాంతించు తల్లీ" అని కొబ్బరికాయ కొట్టాను.

జుట్టులో సిమెంటు గడ్డకట్టి, ఆ పిల్ల ఏడుస్తూ కరీంనగర్ బస్సెక్కింది. బస్సులోనూ ఎవరో మొక్కారట. నవ్వొస్తుంది కదూ? నాకూ వస్తుంది, సగంలో ఆగిపోతుంది. మా ఆయనను నిలదీయడానికి ఆమె ఆడిన ఆటను ఆయన గెలుపుకే వాడుకునేలా చేసింది ఎవరు? టికెట్ వచ్చింది, గెలిచాడు. ఏ సభకు పోయినా "నన్ను అమ్మవారే దీవించింది" అంటుంటే, పక్కన కూర్చుని నేను తల ఊపుతున్నాను. భయమా? మొదట భయమే. తర్వాత? మేడ మీద గాలి బాగుంటుంది బిడ్డా.

ఆ రోజు అమ్మవారు రాలేదు. సిమెంటు సంగతి చెప్పింది నేను. అబద్ధమాడిందీ నేనే. ఆ పిల్లను మన్నించమని అడిగే ముఖం నాకు లేదు. ఇంకొకరి చెవిన వేశాను, అంతే. ఇవాళ ముద్ద గొంతు దిగుతుందేమో.

నీ ఇంట పొయ్యి ఆరకూడదు, ఆడపిల్ల గొంతు తగ్గకూడదు. చల్లగా ఉండు బిడ్డా.