దూదికి తట్టిన తీగ

మా క్వార్టర్ల లైన్లో ఉండే సుకుమార్ అన్న దూదితో తడిమి చూడందే దేన్నీ నమ్మేవాడు కాదు. సైకిల్ చైను, బావి చేదతాడు, చివరికి మా ఇంట్లో బట్టలారేసే తీగ కూడా. "పిల్లను చూడబోయినప్పుడు గూడ జడను దూదితో తుడిచి చూసుంటడు" అని మా బావ ధనరాజ్ ఆయన్ని ఆటపట్టించేవాడు.

చంద్రపూర్ దగ్గరి ఒక బొగ్గుగనిలో అన్నది తాడు చూసే పని. గనిలోకి వాలుగా దిగే దారిలో బొగ్గు తొట్లను లాగే ఇనుప తాడు అది. రోజూ ఆ తాడును మెల్లగా నడిపిస్తుంటే, అన్న పిడికెడు దూదిని దానికి ఆనించి పట్టుకుంటాడు. ఎక్కడైనా ఒక్క పోగు తెగి ఉన్నా దూది అక్కడ చిక్కుకుంటుంది. చిక్కుకుంటే తాడు ఆపాలి, రిజిస్టర్లో రాయాలి, బాగుచేసేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు.

బావ ఆ వాలుదారిలోనే పనిచేసేవాడు. ఆదివారాలు మా తెలుగు చర్చిలో బేస్ గిటార్ వాయించేవాడు. అన్న పక్కన కూర్చుని డోలక్ కొట్టేవాడు. తొంభై రెండు డిసెంబరులో, క్రిస్మస్ పాటల ప్రాక్టీసు ఉన్న ఒక శనివారం, షిఫ్టు చివర తాడు తెగింది. తొట్లు వెనక్కి దొర్లాయి. దారిలో ఉన్నది బావ ఒక్కడే.

బావను సమాధి చేసి, ఆదరణ కూడిక అయ్యాక మా అక్క రాజకుమారి ఆ గిటార్ తెచ్చి అన్న చేతుల్లో పెట్టింది.

"నువ్వే వాయించన్నా. తీగలు మాత్రం మార్చకు. ఆయన చేతి చెమట ఇంకా వాటి మీదనే ఉన్నది."

అన్న వద్దనలేక తీసుకున్నాడు. నేర్చుకోవడానికి మూడు నెలలు పట్టింది. అవి పాత రకం తీగలు. లోపలి ఉక్కుపోగు చుట్టూ చదునైన సన్నరేకు చుట్టి ఉంటుంది, అందుకని నున్నగా ఉంటాయి, వేలు జరిపినా చప్పుడు రాదు. 'దుమ్' అని మోగి ఆగిపోతాయి. అక్క స్పీకరు పక్క కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని వినేది. ఆ గంటసేపు బావ అక్కడే ఉన్నట్టుండేది. నాకూ అంతే, ఒక్కోసారి భయమేసి తలెత్తి చూసేదాన్ని.

తొంభై నాలుగులో మా లైన్లో ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది, చర్చికి కొత్త కీబోర్డు వచ్చింది. ఆ మోతలో మా 'దుమ్' ఎవరికి వినబడుతుంది? పాస్టరుగారు నాగ్‌పూర్ నుంచి విదేశీ తీగలు తెప్పించారు. వాటికి చుట్టింది రేకు కాదు, గుండ్రటి తీగ. గరుగ్గా ఉంటాయి, గణగణమంటాయి. అన్న ఆ పొట్లం మూడు నెలలు విప్పలేదు. జూన్‌లో ఒక ఆదివారం మేం వెళ్లేసరికి మాత్రం కొత్తవే ఎక్కి ఉన్నాయి.

మొదటి పాటలోనే వేలు జరిపాడు. స్పీకర్లోంచి కీచుమంది, ఇనుప తాడు చక్రానికి రాసుకున్నట్టే. అన్న చెయ్యి ఆగిపోయింది. ఆ పాటను మా గొంతులతోనే ముగించాం.

ఆరాధన అయ్యాక అక్క వరండాలో ఆయన్ని నిలదీసింది. నేను పక్కనే పాటల పుస్తకాలు సర్దుతున్నాను.

"ఎవల్నడిగి తీసినవ్?"

"మూడో తీగకు రేకు లేసింది చెల్లె. తుడుస్తుంటే దూదికి తట్టింది."

"తడితే ఏంది? మోగుతలేదా?"

అన్న చేతిలోని గిటార్‌ను గోడకు ఆనించాడు.

"ఆ శనివారం గూడ తట్టింది. ఒక్క పోగే. రాస్తే తాడు ఆపాలె, అందరం ఆడనే ఉండాలె. ప్రాక్టీసుకు ఆలస్యమైతున్నదని ధనరాజ్ కిందనుంచి కేకేస్తుండు. సోమవారం రాద్దాంలే అనుకున్న."

ఏడాదిన్నరగా ఈ మనిషి మా ఇంటికి కూరగాయలు తెచ్చాడు, వానలకు ముందు మా కప్పు సర్దాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమన్నమాట. చొక్కా పట్టుకుని లాగాలనిపించింది. అక్క మాత్రం అరవలేదు.

"పాతయి ఏడున్నయ్?"

అన్న జేబులోంచి తీశాడు. నాలుగూ చుట్టచుట్టి, దూదిలో పెట్టి ఉంచాడు.

"ఎక్కించు."

అక్కడే మెట్ల మీద కూర్చుని కొత్తవి విప్పి పాతవి ఎక్కించాడు. ఒక్కో తీగా రెండుసార్లు జారింది.

"మూడోది తెగుతది చెల్లె."

"తెగనీ. తెగేదాక దీన్నే వాయించు. నేను గీ కుర్చీలనే కూసుంట."

అది శిక్షో, క్షమించడమో అక్కను ఇప్పటికీ అడగలేదు. నేనైతే క్షమించలేదు.

నాలుగేళ్లయింది. బేస్ తీగ లావుది, అంత తేలిగ్గా తెగదు. ప్రతి ఆదివారం మొదటి పాటకు ముందు అన్న దూదితో నాలుగు తీగలూ తుడుస్తాడు. మూడోదాని మీద చెయ్యి ఆగుతుంది. తలెత్తి అక్క వైపు చూస్తాడు. అదేదో వాళ్ల అలవాటని జనం అనుకుంటారు.

"తట్టిందా?" అంటుంది అక్క.

"తట్టింది చెల్లె" అంటాడు.

అప్పటిదాకా ఎవరం పాట ఎత్తుకోం.