అమ్మ చూసిన తెల్లకణం

మొన్న మరోదా కాలనీ నుంచి మా చెల్లెలి కూతురు వచ్చి, వాచిన వేళ్ళు చూపిస్తూ, "పెద్దమ్మా, మన ఒళ్ళే మనకి దుష్మన్ అయిపోతుందా?" అని అడిగింది. ఈ రోజుల్లో మంచి మందులున్నాయి, భయపడకని పంపించానే గాని, ఆ తరవాత రోజంతా మా అమ్మే గుర్తొచ్చింది.

నాన్నకి రాయపూర్ దగ్గరి ఉక్కు ప్లాంటులో ఉద్యోగమొచ్చి శ్రీకాకుళం వైపు నుంచి టౌన్‌షిప్‌లోని సెక్టర్ 4 క్వార్టర్‌కి చేరిన కొన్నేళ్ళకే అమ్మకి కీళ్ళవాతం పట్టుకుంది. పొద్దున్న పూట గుప్పిట మూసుకునేది కాదు. పాలగిన్నె దించడానికి కూడా నన్నే పిలిచేది. ఆ చేతులు చూస్తూ పెరిగినందుకే కాబోలు, పుట్టుకతోనే మనకి అబ్బే రక్షణశక్తి సూక్ష్మజీవుల్ని ఎలా పట్టుకుంటుందో, ఒక్కోసారి ఆగడం మరిచిపోయి తనే దీర్ఘరోగంగా ఎలా మారుతుందో వెతకడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది.

కొత్తగా పరిశోధనలో చేరిన రోజుల్లో, నా పనేమిటో చూస్తానని అమ్మ రాయపూర్‌లోని మా ల్యాబుకి వచ్చింది. ఆవిడ రక్తపు చుక్కే తీసి, కాసిని బాక్టీరియా కలిపి, ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపు కింద పెట్టాను. కళ్ళూ కాళ్ళూ లేని ఒక తెల్లకణం, ఎర్రకణాల గుంపుని తోసుకుంటూ, తప్పించుకుపోతున్న బాక్టీరియా ఎటు తిరిగితే అటు తిరిగి, వెంటాడి మింగేసింది. అలాంటివి అంతకుముందు చూసినదాన్నే అయినా, అది అమ్మ రక్తమయ్యేసరికి మొదటిసారి చూస్తున్నట్టే అనిపించింది.

"ఏటే ఇది! అటెల్లమని దానికెవులు సెప్పేరే?" అంది అమ్మ, కన్ను తీయకుండానే.

ఎవరూ చెప్పరమ్మా, పుట్టుకతోనే తెలుసన్నాను. నీ కీళ్ళు వాచడంలోనూ వీటి చెయ్యుందని కాస్త బెదురుతూనే చెప్పాను.

అమ్మ తన వేళ్ళు నిమురుకుంది. "కాపలా కాసి కాసి దానికి మతి పోనాదేటో. అయినోల్నీ కానోల్నీ పోల్చుకోనేకపోతంది, పాపం" అంది.

అన్నేళ్ళు తనని బాధపెట్టినదాని మీదే జాలిపడింది అమ్మ.

ఆ కణాల్ని శాంతింపజేసే మందులు వచ్చేనాటికి అమ్మ వేళ్ళు వంకరపోయాయి. అయినా నొప్పి తగ్గి, చివరి ఏళ్ళలో తన అన్నం తనే కలుపుకుని తింది. ఆ మందుల వెనకున్న అందరి శ్రమలో నా పాలు ఇసుకరేణువంత, నాకదే గొప్ప.

ఇప్పుడు యంత్రంలో రక్తం పోస్తే చాలు, వేల కణాలు క్షణంలో తెరమీద చుక్కలై వాలతాయి. మేం కలలోనైనా అనుకోని సంగతులు ఇప్పుడు ల్యాబులో పనిచేసే పిల్లలకి అరగంటలో తెలుస్తాయి. కాని ఆ చుక్కల్లో ప్రతి ఒక్కటీ కాసేపటి కిందటిదాకా ఒకరి ఒంట్లో దేని వెంటో పరుగెత్తిన ప్రాణి అని, ఆ తెర చూస్తే ఎవరికీ అనిపించదు.