హాజరు చదివితే చెంప పగిలింది

ఈ రోజు సాయంత్రం మా ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ కరోనా ఏడాది చివరి ఆన్‌లైన్ మీటింగ్ పెట్టాను. కళింగపట్నం నుంచి, చేపల వేటకెళ్లే ఓ తండ్రి కూతురితో కలిసి ఫోన్ ముందు కూర్చున్నాడు. “మీ అమ్మాయి పొద్దుటి ఆన్‌లైన్ క్లాసులకు ఒక్కరోజూ రాలేదండీ” అన్నానో లేదో, అందరూ చూస్తుండగానే పిల్ల చెంప ఛెళ్లుమనిపించి, జుట్టు పట్టుకుని గోడకేసి గుద్దాడు.

వెనకనుంచి పిల్ల తల్లి చేపల బుట్టతో అతని నెత్తిన బాదింది. “నీ సేతులిరిగిపోను! ఉన్న ఒక్క ఫోనూ తెల్లారకుండా నువ్వే ఏటకి అట్టుకుపోతే, పిల్ల దేన్లో సూస్తాది పాఠాలు?”

ఫోన్ కిందపడింది. తెర మీద రేకుల కప్పు, వెనక పిల్ల ఏడుపు.

పరీక్షల్లేకుండానే పిల్లలంతా పాసని చెప్పడానికి పెట్టిన మీటింగది. ఆ మాట కన్నా ముందు నేను హాజరు చదివాను. టీచర్లూ, మీరు ముందు ఏది చదువుతారు?