మాస్టారి ఖాళీ పురుగుల పెట్టె

చిక్కపేటలో పట్టుచీరల అంగళ్ల ముందు నడుస్తుంటే కలరా ఉండల వాసన తగులుతుంది. అందరికీ అది బీరువా వాసన. నాకు నరసింహయ్య మాస్టారి వాసన. ఆయన మాకు జంతుశాస్త్రం చెప్పారు. రిటైరయ్యాక కూడా పురుగుల కోసం కొండలు తిరిగి, ఎండినవాటిని చెక్కపెట్టెలో సూదులకు గుచ్చి, మూలల్లో ఈ ఉండలు పెట్టేవారు.

ఆ ప్రయాణాల ఖర్చు మా తాతగారు భరించేవారు. తర్వాత మా పట్టు అంగడి చేతులు మారింది. మాస్టారికి మాత్రం సరిహద్దు కొండ మీద ఒక్కసారే కనబడిన, ఇంకా ఎవరూ పేరు పెట్టని నీలి జీరంగి పురుగు మీద ఆశ పోలేదు. ప్రాణం ఉండగా దాన్ని పట్టాలి. అందుకని మా అంగడి కొన్న శెట్టిగారినే అడుగుదామని, నన్నూ రమ్మన్నారు.

"మా ఇంట్లో ఇచ్చిన చేతులే గానీ చాచిన చేతులు లేవు మాస్టారూ."

"అబ్బో! అంత బరువుగా ఉండాదా అప్పా నీ చెయ్యి?"

దారిలో చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలో అడవులు పట్టి తిరిగిన ప్రకృతి శాస్త్రజ్ఞుల్లో చాలామందికి ఆస్తుల్లేవు. ఒక్కో రకం పురుగునూ పిట్టనూ ఎక్కువగా పట్టి, తమకు కావలసినవి ఉంచుకుని, మిగిలినవి ఓడలో ఏజెంటుకు పంపేవారు. అతను వాటిని మ్యూజియాలకూ ధనవంతులకూ అమ్మితే తర్వాతి ప్రయాణం నడిచేది. కొందరు ముందే చందాలు అడిగేవారు. ఇచ్చినవారి పేరు కొత్త పురుగుకు పెట్టేవారు. "వాళ్లూ గడపలెక్కి దిగినోళ్లే."

అంగట్లో, ఒకప్పుడు తాతగారు కూర్చున్న తెల్ల పరుపు మీద శెట్టిగారున్నారు. అడగవచ్చినవాళ్లు కూర్చునే చెక్క అంచు మీద మాస్టారు నన్ను కూర్చోబెట్టారు. ఆ అంచు అంత గట్టిగా ఉంటుందని మా వంశంలో ఎవరికీ తెలిసి ఉండదు.

"దొరికితే మా నాయన పేరు పెడ్తారా సార్?" అన్నారు శెట్టిగారు.

"పెట్టకుండా ఎట్లప్పా!"

శెట్టిగారు ఒప్పుకున్నారు. వెళ్లాం. కొండను సగం దాకా క్వారీ మింగేసింది. మిగిలిన సగం మీద తెల్లటి రాతిపొడి. మాస్టారు పొద్దుగూకేదాకా పొదలు దులిపారు. జీరంగి కనబడలేదు. తిరుగు బస్సు చందాపుర దాటేదాకా ఖాళీ పెట్టె మూత తీస్తూ మూస్తూ కూర్చున్నారు.

"శెట్టిగారికి ఫోన్లో చెప్పేద్దాం" అన్నాను.

"ఓడ తగలబడి పట్టిన పురుగులన్నీ పోయినోళ్లు కూడా వచ్చి ముఖం చూపించినారప్పా. దొరికింటే నేనొక్కణ్ణే పోతాంటి. దొరకలేదు, నువ్వూ రావాల."

మళ్లీ అదే అంచు. మాస్టారు పెట్టె తెరిచారు. లోపల సూదులు, కలరా ఉండలు.

"మా నాయన పేరు?" అన్నారు శెట్టిగారు.

"ఎక్కేదానికి పురుగు లేదప్పా."

ఎవరూ నవ్వలేదు. కాఫీ కూడా రాలేదు.

మళ్లీ వానలు పడేసరికి మాస్టారు లేరు. పెట్టె నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు నేను ఊరి చివర హూడిలోని ఆఫీసుల్లో పండగ చీరల ఆర్డర్ల కోసం తిరుగుతుంటాను. పంపిన సరుకులో లోపం తేలిన రోజున ఫోను చెయ్యను. వెళ్లి, వాళ్లు చూపించిన కుర్చీలో, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాను.