జడకోలాటంలో అడాప్టర్ తీగ

ఒక నిండు మనిషిని, చేతిలో వీడియో కెమెరాతో, నడుముకు కరెంటు పెట్టెతో సహా జడలో అల్లెయ్యొచ్చని మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ మనిషి నేనే. నిదానంగా కూర్చుని చదవండి. మధ్యలో నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మా ఊరివాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. వాళ్లనే ఏమీ అనలేకపోయినవాణ్ని మిమ్మల్నేం అంటాను?

మాది ఏర్పేడు దగ్గర ఒక పల్లె. అప్పుడు నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, అంటే ప్రపంచంలో నాకు తెలియని విషయం లేదన్నమాట. మా అమ్మ సుగుణమ్మ మా ఊరి జడకోలాటం బృందానికి గురువు. జడకోలాటం చూడనివాళ్ల కోసం చెబుతాను. పైన ఒక కొక్కేనికి రంగురంగుల తాళ్లు కట్టి కిందికి వదులుతారు. ఒక్కొక్కరు ఒక చేత తాడు, ఇంకో చేత కోలు పట్టుకుని, పాడుతూ, ఒకరిని దాటి ఒకరు లోపలికీ బయటికీ తిరుగుతారు. తిరిగేకొద్దీ తాళ్లన్నీ పైనుంచి జడలాగా అల్లుకుంటూ కిందికి వస్తాయి. ఆ తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తే జడంతా విడిపోతుంది. ఎవరైనా ఒక్క అడుగు తప్పారో, చిక్కు తియ్యడం దేవుడి తరం కూడా కాదు. మా అమ్మ బృందంలో చిక్కు పడగా ఎవరూ చూడలేదు. పొద్దున పాలు పితికి, పగలంతా చెనిక్కాయల చేలో కలుపు తీసి, ఆ కాళ్లతోనే అంత లెక్కగా ఎలా ఆడేవాళ్లో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఛాతీ ఉబ్బుతుంది.

ఆ బృందానికి ఉన్నది ఒకటే కోరిక. తిరుపతి ఉత్సవాల్లో స్వామి ఊరేగింపు ముందర ఆడాలి. ఎక్కడెక్కడి బృందాలో బస్సుల్లో వచ్చి ఆడిపోతున్నాయి, పక్కనే ఉన్న మావాళ్లకు మాత్రం పిలుపు లేదు. ఆ ఏడు అమ్మే వెళ్లి, ఆ ఏర్పాట్లు చూసే సారు ఎదుట కూర్చుని, లెమ్మన్నా లేవలేదట. చివరికి ఆయన విసుగుపుట్టి, "మీ ఆట వీడియో తీసి ఎల్లుండి పొద్దుటికల్లా ఇవ్వండమ్మా. బాగుంటే పిలుస్తాం" అన్నాడట.

మా ఇంట్లో వీడియో కెమెరా ఉంది. కువైట్‌లో డ్రైవరు పని చేసే మా మామ సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి మా బీరువాలో పెట్టి వెళ్లాడు. పెట్టె మీది టేపు కూడా ఎవరూ పీకలేదు.

"మునీ, నీకు వస్తాదా రా ఇది?" అంది అమ్మ.

"నాకు రాకపోతే ఇంగ ఈ మండలంలో ఎవురికీ రాదు లేమా," అన్నాను.

అంతకు ముందు నేను వీడియో కెమెరాను ముట్టుకున్న పాపాన పోలేదు. కానీ పెట్టెలో దానితో పాటు ఒక చిన్న పుస్తకం ఉంది. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. మొదటి పేజీలన్నీ అడాప్టర్, బ్యాటరీ ఛార్జర్ వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు. పరీక్షలకు కూడా అంత శ్రద్ధగా చదవలేదు నేను. తడి చేతులతో తాకరాదు. పొయ్యి దగ్గర పెట్టరాదు. మీద గుడ్డ కప్పరాదు. గోడకూ సామానుకూ నడుమ ఇరికించరాదు, చుట్టూ గాలి ఆడాలి. తీగను ఎవరూ తొక్కని చోట వెయ్యాలి. ఊడదీసేటప్పుడు ప్లగ్గు పట్టుకోవాలి, తీగ పట్టుకుని లాగరాదు.

మర్నాడు తెల్లారేసరికి మా ఇల్లు సబ్‌స్టేషను అయిపోయింది. అమ్మ పొయ్యిని పెరట్లోకి తోలాను. నీళ్ల బిందెలను వీధిలోకి పంపాను. ఇంట్లో బాగా గాలి తగిలే చోటు నాయన మంచమే కాబట్టి దాన్ని స్వాధీనం చేసుకుని, ఛార్జరును దాని నడుమ పెట్టి, టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పాను. చేనికి నీళ్లు కట్టి వచ్చి నడుం వాలుద్దామనుకున్న నాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏందిరా అది, నా మంచం మింద?"

"ఛార్జరు నాయనా. దానికి నాలుగు పక్కలా గాలి ఆడాల."

"నాకు ఆడొద్దా గాలి?"

"నీ గురించి పుస్తకంలో రాయలేదు నాయనా."

నాయన ఒకసారి నన్నూ, ఒకసారి ఛార్జరునూ చూసి, తుండుగుడ్డ భుజాన వేసుకుని అరుగు మీదికి వెళ్లిపోయాడు. ఇంతలో అమ్మ కుంకుమ భరిణె, గంధం గిన్నె పట్టుకుని వచ్చింది.

"కొత్త వస్తువు. మంచి పనికి తీస్తా ఉండాం. బొట్టన్నా పెట్టకుండా ఎట్ల రా?"

నేను పుస్తకం తిరగేశాను. నీళ్లు వద్దన్నారు, వేడి వద్దన్నారు, దుమ్ము వద్దన్నారు. బొట్టు వద్దని ఎక్కడా లేదు. సరే, బొట్టు పెడదాం. కానీ ఎక్కడ పెట్టాలి? మోటారు సైకిలుకైతే లైటు మీద పెడతాం. బీరువాకైతే తాళం పైన. గ్రైండరుకు ముందర. ఛార్జరుకు మొహం ఎక్కడుంది? నల్లటి డబ్బా, ఏ పక్క చూసినా వీపులాగే ఉంది. అటు తిప్పి ఇటు తిప్పి చూడగా, బ్యాటరీ కూర్చునే గాడిలో బంగారు రంగులో మిలమిలలాడే చిన్న రేకులు కనపడ్డాయి. ఇంత కళ ఉన్నది మొహం కాక ఇంకేమిటని తీర్మానించాను.

"యాడ పెట్టాలో నీకు తెలుసు గదా?" అంది అమ్మ అనుమానంగా.

"నువ్వు చూస్తా ఉండుమా," అని, ఆ రేకుల మీద చిక్కగా గంధం పూసి, పైన కుంకుమ అద్దాను. బ్యాటరీకి కూడా అలాంటి రేకులే ఉంటే, దాన్ని చిన్నబుచ్చడం ఎందుకని దానికీ పూశాను. రెండింటినీ ఒకదానికొకటి ఆనించి గట్టిగా నొక్కి, చేతులు తుడుచుకుని, ప్లగ్గు పెట్టాను. ఛార్జరు మీద చిన్న లైటు మినుకుమినుకుమంది.

"సూడుమా, కన్ను కొడతా ఉండాది!" అన్నాను.

లైటు నిలకడగా వెలగాలనీ, అలా మినుకుమంటే ఏదో తేడా ఉన్నట్టేననీ అదే పుస్తకంలో వెనక పేజీలో ఉంది. నేనింకా అంతదూరం రాలేదు. ముందు పేజీలు కంఠస్థం చేసే పనిలో ఉన్నాను.

అమ్మావాళ్లు ఆడేది పాలకేంద్రం షెడ్డులో. ఎత్తయిన రేకుల కప్పు, ఇనుప దూలం, నున్నటి సిమెంటు నేల. పొద్దుటి పాలవాళ్లు పోయాక, సాయంత్రం పాలవాళ్లు వచ్చేలోగా అది వీళ్లది. ఆ రోజు అందరూ పట్టుచీరలు కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చారు. తాళ్లు కట్టారు. అమ్మ తాళాలు చేతికి తీసుకుని గొంతు సవరించుకుంది. నేను కెమెరా కంటికి ఆనించి, తల ఊపి, మీట నొక్కాను. కెమెరా ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ మూసేసింది. ఇంకోసారి నొక్కాను. ఈసారి తెరవను కూడా లేదు.

బ్యాటరీ ఊడదీశాను. గంధం ఎండి పెచ్చు కట్టి ఉంది. పక్కనే ఉన్న మా మేనత్త చెంగమ్మ తొంగి చూసింది. అత్త నోటికి మా ఊళ్లో అందరూ భయపడతారు.

"ఏమప్పా అల్లుడా, బ్యాటరీకి నలుగు పెట్టినావా? పెండ్లి ఎప్పుడు?"

షెడ్డంతా గొల్లుమంది. గంధం గీకి చూశాను, తుండుగుడ్డతో తోమి చూశాను. ఎంత తోమినా ఎక్కని కరెంటు ఎక్కడ నుంచి వస్తుంది? మళ్లీ ఛార్జింగు పెడదామంటే సాయంత్రం పాలకు వేళవుతోంది.

అమ్మ మాత్రం నవ్వలేదు, తిట్టనూ లేదు. బోర్లించిన పాలక్యాను మీద కూర్చుని, "పోనీలే. ఈ యేడు కూడా మనకు రాసిపెట్టి లేదు," అని నెమ్మదిగా అంది. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ అలా మెత్తగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఆగుమా! అడాప్టర్ ఉండాది గదా! బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటుతోనే తీస్తాను," అని అరిచాను. నా తెలివి మళ్లీ మేలుకుంది. మీరు భయపడాల్సింది ఇక్కడే.

గోడ దగ్గర నిలబడి తీస్తే సగం మంది వీపులే వస్తాయి. అందరి మొహాలూ రావాలంటే వలయానికి నడుమ నిలబడాలి. నడుమ నిలబడితే తీగ వాళ్ల కాళ్లకు అడ్డం పడుతుంది. పుస్తకం ఏమంది? తీగను ఎవరూ తొక్కని చోట వెయ్యాలంది. కాబట్టి నిచ్చెన వేసుకుని ఎక్కి, ఎక్స్‌టెన్షన్ తీగను దూలం మీదుగా, తాళ్లు కట్టిన కొక్కెం పక్కనుంచే కిందికి దించాను. దాని చివర ఉన్న పెట్టెనూ, అడాప్టర్‌నూ పురికొసతో నడుముకు కట్టుకున్నాను. గాలి ఆడాలి కాబట్టి చొక్కా పైకి మడిచాను. ఆట చూడటానికి వచ్చిన నాయనను గోడ దగ్గర ప్లగ్గుకు కాపలా పెట్టాను.

"బాగుండాదా?" అని అందరి వైపూ గర్వంగా చూశాను.

"జడకు నడుమ గుంజ తక్కువైందనుకుంటా ఉన్నాం, వచ్చేసినావు," అంది అత్త.

కెమెరా కళ్లు తెరిచింది. అమ్మ తాళం వేసింది. ఆట మొదలైంది. నిజం చెబుతున్నాను, నేను ఎన్నోసార్లు చూసిన ఆటే, కానీ లోపల నిలబడి చూడటం వేరు. చుట్టూ ఎర్ర తాడు, పచ్చ తాడు, పసుపు తాడు, కోలల చప్పుడు, చెమటపట్టి మెరిసే మొహాలు. ఒక్క మొహం కూడా పోగూడదని నేనూ వాళ్లతో పాటు గిరగిరా తిరిగాను. పైన ఏం జరుగుతోందో చూడలేదు. పైన, నా తీగను కూడా ఒక తాడే అనుకుని, జడ దాన్ని నడుమ వేసుకుని చక్కగా అల్లుకుంటూ కిందికి దిగుతోంది.

ముందు గమనించింది నాయన. "రేయ్! తీగ బిగిస్తా ఉండాది! ప్లగ్గు ఊడొస్తాదేమో రా!"

"ప్లగ్గు పట్టుకో నాయనా! తీగ పట్టుకోగూడదు, ప్లగ్గు పట్టుకో!"

"పట్టుకునే ఉండా! అది పోతా ఉండాది రా!"

"అరిచేతితో అదిమి పెట్టు నాయనా! చెయ్యి తడిగా లేదు గదా?"

"ఇప్పుడు అడిగేది అదా రా!"

తల పైకెత్తి చూస్తే జడ నా నెత్తికి జానెడు దూరంలో ఉంది. ఎర్రతాడు భుజం మీద పడింది. పచ్చతాడు మోచేతిని చుట్టింది. వలయం దగ్గరైపోయి, కోలలు నా చెవుల పక్కనే మోగుతున్నాయి. తప్పించుకునే దారి ఒకటుంది. నడుముకున్న పురికొస తెంచి, కెమెరాకు ఉన్న అడాప్టర్ పిన్ను పీకేసి, కిందికి కూలబడి పాక్కుంటూ పోవచ్చు. పిన్ను పీకితే రికార్డింగు ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టే వేళ లేదు, బయట అప్పుడే పాలక్యాన్ల చప్పుడు వినపడుతోంది. క్యాను మీద కూర్చున్న అమ్మ మొహం గుర్తొచ్చింది. నేను పిన్ను పీకలేదు. కెమెరాను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, "అమా! నేనుండా! నడుమ నేనుండా!" అని మాత్రం అరిచాను.

ఇంకొకరైతే ఆట ఆపేసేవాళ్లు. ఆపితే ఆ అడుగు దగ్గరే చిక్కు పడిపోతుందని అమ్మకు తెలుసు. తాళం తప్పకుండా, రాగం తప్పకుండా, అప్పటికప్పుడు పాటలోనే అందుకుంది.

"నడుమ నా కొడుకుండాడు, నిమ్మళంగా తిప్పండమ్మా!"

"నడుమ మా అల్లుడుండాడు, నిమ్మళంగా తిప్పుదామమ్మా!" అని చెంగమ్మత్త వరస కలిపింది. మిగతావాళ్లంతా అదే ఎత్తుకున్నారు. ఒక్కరూ నవ్వలేదు. ఒక్క అడుగూ తడబడలేదు. వలయం మొత్తం వెనక్కి తిరిగింది. పచ్చతాడు మోచేతిని వదిలింది. ఎర్రతాడు భుజం దిగింది. జడ నా నెత్తి మీదనుంచి ఒక్కో మెలికా విప్పుకుంటూ పైకి పోయింది. చివరికి తాళ్లన్నీ వేటికవి వేలాడాయి, వాటి నడుమ నా తీగ, దానికింద నేను. కెమెరాలో ఎర్ర చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. గోడ దగ్గర నాయన రెండు చేతులతో ప్లగ్గును అదిమిపట్టి అలాగే నిలబడి ఉన్నాడు.

"ఇంగ వదలొచ్చునా?" అన్నాడు.

క్యాసెట్టు తిరుపతిలో ఇచ్చి వచ్చాం. అందులో మొదట ఆట, నడుమ నా కేకలు, నాయన కేకలు, చివర తాళ్లూ మోచేతులే. నేను అన్నం సరిగా తినలేదు. కొన్నాళ్లకు ఆ సారు నుంచి నాయన సెల్లుకు ఫోను వచ్చింది. అమ్మ స్పీకరు నొక్కింది.

"మీ బృందాన్ని పిలుస్తున్నామమ్మా. జడ లోపలి నుంచి తియ్యడం మేము ఎక్కడా చూడలేదు. ఇంకొక మాట. కొడుకు జడలో చిక్కుకోవడం, తల్లి పాటతో విడిపించడం, ఆ కథ మా అందరికీ చాలా బాగా నచ్చింది. ఆ కొడుకు వేషం వేసిందెవరు? భయం ఎంత సహజంగా పలికించాడమ్మా! అతన్ని తప్పకుండా తీసుకురండి."

అమ్మ నా వైపు చూసింది. ఆ తర్వాత నేను డిగ్రీ పాసైనప్పుడు కూడా నాకు అలాంటి చూపు దొరకలేదు.

"వేషం కాదు సార్," అంది. "నా సొంత కొడుకే."

అలా తిరుపతి వీధిలో, స్వామి ఊరేగింపు ముందర, వేలమంది జనం చూస్తుండగా, కొత్త పంచె కట్టుకుని జడకోలాటం నడుమ నేను గుంజలాగా నిలబడ్డాను. ఆడింది వాళ్లు, నిలబడింది నేను. అయినా మా ఊరి నుంచి అక్కడ నిలబడ్డ మొదటి మగవాణ్ని నేనేనని వినేవాళ్లు దొరికినప్పుడల్లా చెబుతూనే ఉంటాను.

కాబట్టి, పెద్దలైన మీ అందరి సమక్షంలో, తడి లేని చేతులు జోడించి గంభీరంగా ఒట్టేసి చెబుతున్నాను: నడుముకు కరెంటు పెట్టె కట్టుకుని ఇక ఈ జన్మలో ఏ ఆట నడుమా నిలబడను, ఎంతటివాళ్లు వచ్చి బతిమాలినా సరే నిలబడను. అమ్మ పిలిస్తే మాత్రం, పెట్టె లేకుండా వెళ్తాను.